బెత్తెడు గవాచి

మా ఊళ్ళో వెలుగును ఎవరూ చేబదులు అడగరు.
నాపరాళ్ళ గనిలో బండ మీద పడి
లేచొచ్చి కంట్లో కొడుతుంది.
గొడుగు పట్టేది కూడా ఎండకే,
వానకు పట్టిన గుర్తు నాకైతే లేదు.

అట్లాంటి చోట నేను చీకటిని సాకడం నేర్చుకున్నా.

వెనక గది. మట్టి మిద్దె. నడినెత్తిన గవాచి,
దానికి మూతగా ఒక నాపబండ.
ఉట్ల మాదిరి వేలాడే పదహారు సంచులు.
ఉడకబెట్టి ఆరేసిన వరిగడ్డి,
పొర పొరకూ జొన్నగింజల మీద పెరిగిన విత్తనం.
"గడ్డంతా అల్లుకునేదాకా చీకటే,
తలుపు సందు కూడా వదలొద్దు" అంది శిక్షణలో మేడమ్.
గోనెపట్టలు తడిపి కట్టినా.
ఇరవై రోజులకు సంచుల లోపల తెల్లబడింది
ఏకిన దూది మాదిరి.
మా తాత దూది ఏకేవాడు, ఆ తెలుపు నాకు తెలుసు.

చీకటి మంచిదే కదా అని
మొదటి కాపంతా చీకట్లోనే ఉంచేసినా.
కాడలు జానెడు, తలకాయ చొక్కా గుండీ అంత.
వెలుగు ఏ పక్కనుందో అని
మెడలు సాచి వెతుక్కున్నాయి పాపం.
ప్రొద్దుటూరు హోటలాయన ఒకటి పట్టుకొని
"ఇది తినేదా, చెవిలో తిప్పుకునేదా?" అన్నాడు.

రెండో కాపుకు కోపమొచ్చి బండ మొత్తం జరిపేసినా.
మిట్టమధ్యాన్నం పళ్ళెమంత ఎండ దిగి
పడమటి సంచి నుంచి తూరుపు సంచికి
తీరిగ్గా నడిచిపోయింది.
అది నడిచిన దోవలో ఆరు సంచులు
అంచులు చిట్లి అప్పడాలైనాయి.
పక్కవాటికి ఏమీ కాలేదు.

ఆ వారమే మా అత్త దస్తగిరమ్మకు కంటి ఆపరేషన్.
ఎర్రగుంట్లలో పాలిష్ మిషన్ కాడ ముప్పై ఏండ్లు
తడిరాళ్ళ తళతళ చూసిన కండ్లు.
వెలుగు సూటిగా తగలనీయొద్దన్నారు.
ఇంట్లో చీకటి గది ఉండేది ఒక్కటే.
నల్లద్దాలు పెట్టుకొని, నులకమంచం వేయించుకొని
సంచుల నడుమ పడుకుంది
పదిహేడో సంచి మాదిరి.
నేను నీళ్ళు చల్లేటప్పుడు గోడవైపుకు తిరిగేది.

మేడమ్‌కు ఫోన్ చేస్తే
"పేపర్ చదువుకునేంత వెలుగు చాలమ్మా,
అవి వెలుగు తినవు, బయట ఎటుందో గుర్తుపడతాయంతే" అంది.
పేపర్ నాకు రాదు, అత్తకూ రాదు.
మేము చదవగలిగింది బండలో చార, బియ్యంలో రాయి.

"చాట ఇయ్యి. మిద్దెక్కు" అంది అత్త.

నేను పైన, ఆమె కింద, నడుమ గవాచి.
"జరుపు."
బండ గరగరమంది.
"ఇంకా. ఇప్పుడు అన్నీ బియ్యమే."
ఇంకొంచెం జరిపినా.
"ఆఁ, మట్టిగడ్డ తేలింది... ఇదో వడ్లగింజ...
రాయి. ఆపు!
ఇంక జరిపితే నాకు గుచ్చుకుంటుంది.
నాకు గుచ్చుకునేది వాటికి గుచ్చుకోదా?"

చేత్తో కొలిచి చూసినా. బెత్తెడు.
బొగ్గుతో గీత గీసి
సందు మీద పాత దోమతెర నాలుగు మడతలు పరిచినా.
పొద్దున ఎనిమిదికి గీత దాకా, సాయంత్రం మళ్ళా మూత.

ఐదో రోజు ఆమే కేకేసింది:
"ఏమ్మే, సంచి చిల్లుల కాడ ఎవరో నూకలు అంటించినారు!"

నూకలు కాదు.
మూడు రోజులకు అరచేయంత విచ్చుకున్నాయి,
పొట్టి కాడలు, వెడల్పు రెక్కలు, లేత బూడిదరంగు.
అత్త కంట్లోంచి తీసేసిన పొర
ఈ రంగే ఉండి ఉంటుందా అని
అడుగుదామనుకొని ఊరుకున్నా.

నిన్న మౌలాలి రాత్రి డ్యూటీ దిగొచ్చి
శెనక్కాయలు ఆరబోయను మిద్దెక్కి
"ఇదేం చీకటి కొంప!" అని బండ మొత్తం లాగేసినాడు.
కిందినుంచి అత్తా నేనూ ఒక్కసారే అరిచినాం.
బెదిరిపోయి గీత దగ్గరికి తోసినాడు.

"ఒక వేలు ఎక్కువుంది" అంది అత్త,
కండ్లు తెరవకుండానే.